కుర్చీలోంచి లేచి నిలబడని కథానాయిక కావాలి

సాయంత్రం ఏడు గంటలకు టీవీ పెట్టే ఇళ్లలో ఈ కథ తెలియనివారు ఉండరు. కోడలు మెట్ల మీద నుంచి జారిపడుతుంది, లేదా ఎవరో తోసేస్తారు. నడుము కింద చచ్చుబడుతుంది. ఇంట్లోకి చక్రాల కుర్చీ వస్తుంది. రెండు నెలల పాటు ఆ కుర్చీ చుట్టూ కన్నీళ్లు, కుట్రలు. చివరికి బిడ్డకు ఆపద వచ్చిన రోజునో, గుడిలో గంట మోగిన రోజునో ఆమె లేచి నిలబడుతుంది. నెల్లూరులో మా ఇంట్లో అలాంటి ఘట్టం వచ్చిన రాత్రి మా అమ్మ టీవీకి చేతులు జోడించింది. నాకు మాత్రం కోపం ఆగలేదు.

ఆ లేచి నిలబడటమే నా అభ్యంతరం. వికలాంగుల పాత్రలు వికలాంగులైన నటులకే ఇవ్వాలన్న డిమాండును చాలామంది ఉపాధి సమస్యగా చూస్తారు. ఉపాధి సంగతి నిజమే, కానీ అంతకంటే పెద్ద కారణం ఒకటుంది. నటి లేచి నడవగలదు కాబట్టే రచయిత ఆమెను లేపి నడిపిస్తున్నాడు. నిజంగా లేవలేని నటి ఆ కుర్చీలో ఉంటే ఆ సన్నివేశం రాయడానికే వీలుండదు. వేరే కథ వెతుక్కోవాలి. ఆ అమ్మాయి ఉద్యోగానికి ఎలా వెళ్తుంది, భర్తతో దేనికి గొడవ పడుతుంది, పుట్టింటి ఆస్తిలో వాటా ఎలా అడుగుతుంది అని ఆలోచించాలి. పాత్రకు ఎవరిని తీసుకున్నారన్న దాన్నిబట్టే కథ ఎటు పోతుందో తేలిపోతుంది.

ఒక సినిమాలో వికలాంగులను హేళన చేశారంటూ నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెర మీద వైకల్యాన్ని చూపేటప్పుడు అపోహలను ఆధారం చేసుకోవద్దని, వారి నిజమైన అనుభవం కనిపించాలని, ‘మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు’ అన్న సూత్రాన్ని పాటించాలని అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం చెప్పింది. తీర్పు మీద చర్చ కొన్నాళ్లు నడిచి ఆగిపోయింది. సీరియల్లో కోడలు మళ్లీ లేచి నిలబడింది.

కందుకూరు దగ్గరి పల్లెలో ఉండే ఒక నటి నాకు చాలాకాలంగా తెలుసు. నలభై దాటిన మనిషి, పసితనంలో పోలియో సోకింది. పరిషత్తు నాటకాల్లో వేషాలు వేస్తుంది. ఆమె కూర్చోవడం ఒక్కసారి దగ్గర నుంచి చూడాలి. కాలికి ఊతంగా తొడిగిన క్యాలిపర్‌కు మోకాలి దగ్గర రెండు పక్కలా చిన్న ఇనుప రింగులుంటాయి. నిలబడినప్పుడు కాలు మడతపడకుండా పట్టి ఉంచేవి అవే. కూర్చోబోయే ముందు ఆమె చీర మీదుగానే వాటిని వేళ్లతో పైకి లాగుతుంది. టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది, అప్పుడు మోకాలు వంగుతుంది. లేచేటప్పుడు కాలు చాచి, రింగులు కిందికి దిగాయో లేదో తడిమి చూసుకుని, ఆ తర్వాతే బరువు మోపుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఇదంతా జరిగిపోతుంది, ఎదుటివారి కంట పడదు.

ఒక నాటకంలో ఆమె అన్నతో పోట్లాడి విసురుగా లేచిపోయే ఘట్టం ఉంది. విసురుగా లేవలేదు కదా! మాట తెగిపోయింది, ఆమె చెయ్యి మోకాలి దగ్గరికి వెళ్లింది, టక్కుమంది, అప్పుడు లేచింది. ఆ రెండు క్షణాల్లో ఆమె అన్న ముఖంలోంచి చూపు తిప్పలేదు. హాలంతా నిశ్శబ్దం. కోపాన్ని అలా పట్టి ఉంచడం ఏ నటన బడిలోనూ నేర్పరు. ఆ విరామాన్ని ఏ రచయితా ఊహించి రాయలేడు.

ఆ మధ్య హైదరాబాదులో ఒక సీరియల్లో పోలియో ఉన్న చెల్లెలి పాత్రకు ఆమెను ఆడిషన్‌కు పిలిచారు. గది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మెట్లన్నీ ఎక్కి వెళ్లి, చదివి వచ్చింది. చూసేవాళ్లకు మరీ బాధగా ఉంటుందన్నారట. పాత్ర రెండు రోజుల్లో కుంటడం నేర్చుకున్న మరో అమ్మాయికి దక్కింది.

ఈ నటి సదరం శిబిరంలో డాక్టర్ల ముందు తన వైకల్యాన్ని నిరూపించుకుంది. నలభై శాతం దాటిందని కాగితం మీద ముద్ర పడితేనే నెలకు 6,000 రూపాయల పింఛను. 2025లో పింఛన్ల పునఃపరిశీలన అంటూ మన జిల్లాల్లో ఎంతమందిని మళ్లీ ఆస్పత్రుల చుట్టూ తిప్పారో చూశాం. బతకడానికి ఇన్నిసార్లు రుజువు అడిగే సమాజం, అదే వైకల్యాన్ని తెర మీద చూపేటప్పుడు మాత్రం ఏ రుజువూ అడగదు.

చూపులేని పాత్ర అనగానే నల్ల కళ్లద్దాలు, గాలిలో తడుముకునే చేతులు. మూగ పాత్ర చేసే సైగలు భారతీయ సంజ్ఞా భాషలో ఏ మాటా కావు. అది వ్యాకరణం ఉన్న భాష. దాని పరిశోధనకు, శిక్షణకు 2015 నుంచి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ సంస్థే ఉంది. తమిళ పాత్ర నోట అర్థంలేని శబ్దాలు పలికించి ఇదే తమిళమంటే తమిళనాడు సరిహద్దులోని తడ, సూళ్లూరుపేట వైపువాళ్లు ఊరుకుంటారా?

నటన అంటేనే తాను కానిది కావడం కదా, హంతకుడి పాత్రకు హంతకుణ్ని తెస్తామా అని కొందరు అడుగుతారు. గౌరవించదగిన ప్రశ్నే. దీనికి జవాబు మన రంగస్థలమే ఇచ్చింది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా నడిచి వస్తే జనం కళ్లప్పగించి చూశారు. అంతటి కళాకారుడు ఉన్న రోజుల్లోనే మరో మహానటుడు బళ్లారి రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. ఆడవాళ్లు దొరకరు, వచ్చినా చేయలేరు అన్నారు అప్పుడు. తలుపు తీశాక ఎంతమంది వచ్చారో మనకు తెలుసు. ఇప్పుడు వికలాంగుల గురించి అదే మాట. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో వారు 2 కోట్ల 68 లక్షల మంది. అంతమందిలో నటులు లేరంటే, మనం వెతకలేదనే అర్థం.

అసలు దారి చూపింది మనవాళ్లే. 1981 రోడ్డు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకుని, జైపూర్ కృత్రిమ కాలితో మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్‌ను ఆమె జీవితమే ఆధారంగా ‘మయూరి’లో నాయికను చేసింది నెల్లూరు జిల్లాలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు. అది 1985. ఆ తర్వాత ఆమె హిందీ సీరియళ్లలో అత్తగా, ప్రతినాయికగా ఏళ్ల తరబడి రాణించింది. ఆ పాత్రల్లో కాలి ఊసు ఉండదు. నేను అడుగుతున్నది ఈ రెండూ: వైకల్యం ఉన్న పాత్ర, వైకల్యంతో పనిలేని పాత్ర. దాదాపు నలభై ఏళ్లు గడిచాక, 2024లో, మచిలీపట్నం దగ్గర పుట్టిన అంధ పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా జీవితం హిందీలో సినిమాగా వచ్చింది. ఆయన పాత్ర వేసింది చూపున్న రాజ్‌కుమార్ రావు. ఆయన మంచి నటుడే. అయినా మనం ముందుకు నడిచామని ఎలా అనుకోవాలి? అమెరికాలో ‘బ్రేకింగ్ బ్యాడ్’ సీరియల్లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కండరాలు పట్టు తప్పే స్థితి) ఉన్న కొడుకు పాత్రను అదే స్థితి ఉన్న ఆర్జే మిట్టే వేశాడు. ఆ కొడుకు ఊతకర్రలతోనే బడికి వెళ్తాడు, తండ్రి మీద అరుస్తాడు. అద్భుతాలేమీ జరగవు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది, మన కోడలు లేచి నిలబడే అద్భుతం తెర బయట చేసే పని. కాళ్లు ఏదో ఒకరోజు వస్తాయని రోజూ చూసే జనం ర్యాంపు కోసం ఎందుకు అడుగుతారు? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 2017లో నిబంధనలు వచ్చిన అయిదేళ్లలోపు ప్రజలు వాడే పాత భవనాలన్నీ అందరికీ అందుబాటులోకి రావాలి. ఆ గడువు 2022లోనే ముగిసింది. మీ మండల కార్యాలయానికి వెళ్లి మెట్లు లెక్కపెట్టండి. కనిగిరి, పామూరు నుంచి ఉదయగిరి, వరికుంటపాడు దాకా ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగినవారు ఉన్నారు. వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. వారి మనవలకు అదే గతి పట్టకుండా మంచినీళ్లు కావాలి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీటి ప్రాజెక్టు కోసం ఒక తరం ఎదురుచూసింది. మా పశ్చిమ మండలాల కథను ఏ సీరియలూ చెప్పలేదు. అందులో ముగింపుకు గుడిగంట పనికిరాదు, గట్టి పైపులైను వేయాలి. అలాంటి కథలో అవ్వ పాత్రకు ఆ ఊళ్ల అవ్వనే కూర్చోబెడితే, ఆమె వీపును కెమెరా ఒక్క నిమిషం చూపితే చాలు, మంత్రులు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

కందుకూరు నటి ఇప్పుడు కొత్త నాటకం రిహార్సల్లో ఉంది. ఈసారి తహసీల్దారు వేషం. క్యాలిపర్ ప్రస్తావన నాటకంలో ఎక్కడా లేదు. ప్రదర్శన జరిగే వేదికకు ఆరు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. పక్కన చెక్కలతోనైనా వాలు కట్టించమని నిర్వాహకులకు నెల క్రితం ఉత్తరం రాసింది. జవాబు ఇంకా రాలేదు.