ఆర్డరు కాపీ ఉందా?

2022 మే నెలాఖరు. డాలస్‌లో రాత్రి తొమ్మిదిన్నర అంటే కోనసీమలో పొద్దున్న ఎనిమిది. మా అమ్మ ఆ టైముకి పూజ ముగించుకుని, ఫోనుని మంచినీళ్ల చెంబుకి ఆనించి వాట్సాప్ వీడియోకి సిద్ధంగా కూర్చుంటుంది. నాకు సగం మొహం, సగం ఫ్యాను కనిపిస్తాయి. ఆ రోజు ఎన్నిసార్లు చేసినా 'కాలింగ్' దగ్గరే ఆగిపోయింది. చివరికి మామూలు ఇంటర్నేషనల్ కాల్ చేశాను. ఇరవై ఏళ్ల కిందట కాలింగ్ కార్డు గీకి, నంబరు చూసి నొక్కిన రోజులు గుర్తొచ్చాయి. "నెట్టు ఆపేశార్రా" అంది అమ్మ, కరెంటు పోయిందన్నంత మామూలుగా.

మే 24న అమలాపురంలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద గొడవ రేగి, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టేదాకా పోయింది. జనాన్ని పోగుచేయడానికి వాట్సాప్ గ్రూపులు వాడారని పోలీసులన్నారు. కాదని నేననను. మొదటి రెండు మూడు రోజులు నెట్ ఆపడానికి కారణం ఉందనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ అది రెండు మూడు రోజులతో పోలేదు. పది రోజులు దాటింది.

నెట్ ఆపితే పుకారు ఆగిందా అంటే, నా బండారం నేనే బయటపెట్టుకోవాలి. డాలస్, న్యూజెర్సీ, మెల్‌బోర్న్, దుబాయ్‌లలో ఉన్న మా ఊరివాళ్లందరికీ ఒక గ్రూపు ఉంది. ఊళ్లో నెట్ లేదు, మాకుంది. ఎవరో ఒక వీడియో పెట్టారు. తగలబడుతున్న బస్సు, కింద మా పక్క ఊరి పేరు. ముందూ వెనకా చూడకుండా అమ్మకి ఫోన్ చేసి, అటువైపు ఎవర్నీ వెళ్లనివ్వొద్దని చెప్పాను. అమ్మ పక్కింటావిడకి చెప్పింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున్న పాలబ్బాయి ఆ ఊరి మీదుగానే వచ్చాడట. "బస్సూ లేదు, మంటా లేదు. ఎవడ్రా నీకు చెప్పింది?" అని అమ్మ నిలదీసింది. తీరా వెతికితే అది ఏళ్లనాటి వీడియో. మన రాష్ట్రానిది కూడా కాదు. ఊళ్లో నెట్ ఉండుంటే ఎవరో ఒకరు పక్క ఊరికి వీడియో కాల్ చేసి పది నిమిషాల్లో తేల్చేసేవారు. పుకారు డాలస్ నుంచి మామూలు ఫోన్లో నిక్షేపంగా వెళ్లింది. అబద్ధమని తేల్చుకునే దారే మూసుకుపోయింది.

అదే వారం మా తోటలో కొబ్బరి దింపు. దింపువాళ్లకి కూలి మా తమ్ముడు రాజమండ్రి నుంచి ఫోన్‌పేలో వేస్తుంటాడు. ఈసారి వేసినా వాళ్ల ఫోన్లలో చూసుకునే వీల్లేదు, దాంతో కొట్లో సరుకు కొనే వీల్లేదు. అమ్మ బియ్యం డబ్బాలో దాచుకున్న నోట్లు తీసి సగం ఇచ్చి, మిగతాది నెట్ వచ్చాక అంది. వాళ్లూ ఏమనలేదు. అనడానికి ఏముంది?

మా అక్క కొడుకుది హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం. కరోనా నుంచి ఇంటి దగ్గరే పని. వాడు పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బైకు మీద ఎదుర్లంక వంతెన దాటేవాడు. అవతల యానాం, అంటే పుదుచ్చేరి. ప్రభుత్వం మారింది కాబట్టి సిగ్నలూ వచ్చింది. గోదావరి గట్టున చెట్టుకింద కూర్చుని మీటింగ్‌లు. "నాలాంటోళ్లు ఇరవై ముప్ఫై మంది ఉన్నారు మావయ్యా. వెనకాల పడవలేంటి, బ్యాక్‌గ్రౌండ్ పెట్టావా అని మా మేనేజరు అడిగాడు" అని నవ్వాడు. లాప్‌టాప్ ఉన్నవాడు వంతెన దాటాడు. దింపు కార్మికుడు ఒకపూట కూలి వదులుకుని దేనికి దాటతాడు?

ఎందుకు ఆపారో, ఎన్నాళ్లు ఆపుతారో రాసిన కాగితం ఏమన్నా చూశావా అని వాణ్ని అడిగాను.

"కాగితమా? ఫోనుకి మెసేజ్ కూడా రాలేదు మావయ్యా."

నా గొడవంతా ఆ కాగితం గురించే.

ఇంటర్నెట్ అంటే గాలిలాగా అంతటా ఉంటుందని, దాన్ని ఎవరూ పట్టి ఆపలేరని మనం అమెరికా వచ్చిన కొత్తలో నమ్మేవాళ్లం. ఐటీలో ఉన్నవాళ్లం మరీనూ. 2011 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం ఆ నమ్మకాన్ని ఒక్క రాత్రిలో తీసేసింది. తహ్రీర్ స్క్వేర్‌లో జనం చేరుతుంటే, దేశంలోని నెట్ కంపెనీలకు ఆదేశం ఇచ్చి సుమారు ఐదు రోజులు దాదాపు దేశం మొత్తాన్ని ప్రపంచం నుంచి తెంపేసింది. గాలి అనుకున్నది కొళాయి అని తేలింది. తిప్పే చెయ్యి నాలుగైదు కంపెనీలది, తిప్పమనేది సర్కారు. ఈ కొళాయి కట్టేయడం ఎంత మామూలైపోయిందో చూడండి. యాక్సెస్ నౌ అనే సంస్థ లెక్క ప్రకారం 2024లో 54 దేశాల్లో 296 సార్లు నెట్ ఆపారు. మొదటి స్థానం మయన్మార్‌ది, 85. రెండోది మన భారతదేశం, 84. మయన్మార్‌లో అప్పుడున్నది సైనిక పాలన. మనకెందుకు ఆ పక్కన చోటు?

రాజస్థాన్‌లో 2021 సెప్టెంబరులో టీచర్ల అర్హత పరీక్షకి కాపీ కొట్టకుండా నెట్ ఆపారు. పరీక్ష రాసేవాళ్లు కొన్ని లక్షల మంది, నెట్ పోయింది మాత్రం రాయనివాళ్లక్కూడా. హాల్లో చీటీ పెట్టాడని ఊళ్లో కాగితం అమ్మకాలు ఆపేసినట్టు.

చట్టం లేదని కాదు, ఉంది. 2017లో నిబంధనలు వచ్చాయి. కేంద్రంలోనో రాష్ట్రంలోనో హోం శాఖ కార్యదర్శి కారణాలు రాసి ఆర్డరివ్వాలి. ఐదు పనిదినాల్లో ఒక రివ్యూ కమిటీ అది సబబో కాదో చూడాలి. రాష్ట్రంలో ఆ కమిటీలో ఉండేది చీఫ్ సెక్రటరీ, మరో ఇద్దరు కార్యదర్శులు. ఇచ్చిందీ సచివాలయమే, తప్పుందేమో చూసేదీ సచివాలయమే. కశ్మీరులో 2019 ఆగస్టులో నెట్ పోయాక ఒక పత్రిక సంపాదకురాలు అనూరాధా భసీన్ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2020 జనవరి 10న కోర్టు తీర్పు చెప్పింది. నెట్ ద్వారా మాట్లాడే హక్కుకీ, వ్యాపారం చేసుకునే హక్కుకీ రాజ్యాంగ రక్షణ ఉంది, గడువు లేకుండా ఆపడం కుదరదు, ఆర్డర్లను ప్రచురించాలి అంది. ప్రచురిస్తేనే కదా ఎవరైనా కోర్టులో సవాలు చేసేది! మంచి తీర్పే. అయినా కశ్మీరులో 4జీ తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో కోవిడ్ వచ్చింది, డాక్టర్లు చికిత్సా సూచనలు 2జీ మీద దింపుకోవడానికి అవస్థపడ్డారు. తర్వాత గరిష్ఠంగా 15 రోజులు అనే గడువు పెట్టారు. గడువు అయిపోగానే మరో ఆర్డరిస్తే ఆపేదెవరు? 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకో మాట బయటపెట్టింది. దేశంలో ఎక్కడ ఎన్నిసార్లు నెట్ ఆపారో కేంద్రం దగ్గర లెక్కే లేదట! ఇంటి మీటరు రీడింగ్ నెల తప్పకుండా రాసుకునే దేశం మనది.

మణిపూర్ గురించి రాయడం నాకిష్టం లేదు, రాయక తప్పదు. 2023 మే 3న అక్కడ హింస మొదలైంది, నెట్ పోయింది. మే 4న ఇద్దరు ఆడవాళ్లను వివస్త్రలను చేసి ఊరేగించారు. ఆ వీడియో దేశానికి తెలిసింది జులై 19న. మర్నాడే మొదటి అరెస్టు జరిగింది. మధ్యలో రెండున్నర నెలలు. పుకార్లు ఆపడానికే నెట్ తీసేశామన్నారు. ఆగినవాటిలో ఈ నిజం కూడా ఉంది. పైగా ఆ రెండున్నర నెలల్లో హింస ఆగనూ లేదు.

నెట్ ఉన్నచోట నోరెత్తే స్వేచ్ఛ ఉందా అంటే అదీ చూద్దాం. 2012 నవంబరులో ముంబై దగ్గర పాల్ఘర్‌లో, బాల్ ఠాక్రే మరణం తర్వాత నగరం బంద్ కావడం మీద ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ మరుసటేడు మే నెలలో మన పౌరహక్కుల నాయకురాలు ఒకావిణ్ని, ఒక గవర్నరు మీదా, చీరాల ఎమ్మెల్యే మీదా ఫేస్‌బుక్‌లో రాసినందుకు జైలుకి పంపారు. రెండూ ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కిందే. ఎవరికైనా 'చిరాకు' కలిగిస్తే చాలు, ఆ సెక్షన్ పెట్టేయొచ్చు. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దాన్ని కొట్టేసింది. ఆరేళ్ల తర్వాత కూడా పోలీస్ స్టేషన్లలో ఆ చచ్చిన సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి కోర్టే విస్తుపోయింది.

సెక్షన్ పోయినా అలవాటు పోలేదు, దానికి పార్టీ పట్టింపూ లేదు. 2023 డిసెంబరులో అమెరికా నుంచి వెళ్లిన మన తెలుగాయన్ని సోషల్ మీడియా పోస్టుల పేరుతో శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే ఏపీ సీఐడీ అదుపులోకి తీసుకుంది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ నవంబరులో అవతలి పార్టీ సోషల్ మీడియా వాళ్ల మీద వరసగా అరెస్టులు. 2025 మార్చిలో తెలంగాణలో, ముఖ్యమంత్రిని ఒక రైతు తిట్టిన వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. ఈ మూడింట్లో ఒకదానికి మీకు కోపం వచ్చి, ఇంకోదానికి "బాగా అయ్యింది" అనిపిస్తే, అలాంటివాళ్లు మన గ్రూపుల్లో సగం మంది ఉన్నారు. నేనూ ఒకప్పుడు ఆ సగంలోనే ఉన్నాను. బూతులు, ఆడవాళ్ల ఫొటోలు మార్ఫ్ చేయడం వేరే సంగతి. దానికి శిక్ష పడాల్సిందే. కానీ ఆ పేరు చెప్పి విమర్శని కూడా అదే బుట్టలో వేస్తున్నారు. ఇక్కడ వీకెండ్‌లో సోఫాలో కూర్చుని మనం ఘాటుగా రాసి పంపుతాం. దాన్ని ఫార్వర్డ్ చేసిన తణుకు కుర్రాడు స్టేషన్‌కి వెళ్తాడు.

నెట్ ఏమీ ఇవ్వలేదనడం అన్యాయం. ప్రెస్ అకాడమీవాళ్లు స్కాన్ చేసి పెట్టబట్టి, స్వాతంత్ర్యానికి ముందునాటి ఆంధ్రపత్రికని మా వంటింట్లో కాఫీ తాగుతూ చదువుతున్నాను. ఊళ్లోని అరెకరం ఎవరి పేరున ఉందో మీభూమిలో చూసుకోని ప్రవాసి ఎవరన్నా ఉన్నారా? ఒకప్పుడు అడంగల్ కాపీకి ఎవరి చేతులు ఎంత తడపాల్సి వచ్చేదో మా నాన్న చెప్పేవాడు.

అయితే ఇచ్చిన చెయ్యే తీసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి ప్రభుత్వ ఉత్తర్వులు వెబ్‌సైట్‌లో ఉండేవి. 2021 ఆగస్టులో అవి పెట్టడం ఆపేశారు. మూడేళ్ల తర్వాత, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. తెలంగాణలో కూడా అదే 2021 ఆగస్టులో, జీవోలను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టండని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. నెట్ మొత్తం కట్టేస్తే వార్త అవుతుంది. ఒక్క పేజీ కట్టేస్తే ఎవరికీ తెలియదు, ఆ పేజీ కోసం తిరిగే రిటైర్డ్ టీచరుకో, విలేఖరికో తప్ప. నాకు రెండోదే ఎక్కువ భయం.

పోస్టులు, ఖాతాలు తీయించే ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కూడా ఇదే బాపతు. ఆ ఆర్డర్లు రహస్యంగా ఉంచాలని నిబంధనల్లోనే రాసుకున్నారు. ఎందుకు తీశారో రాసినవాడికే తెలియనప్పుడు, తప్పు చేశాడో లేదో వాడేం తేల్చుకుంటాడు?

నెట్ ఎప్పటికీ ఆపొద్దని నేను అడగడం లేదు. అమలాపురం లాంటి రోజు మళ్లీ వస్తే, ఒక ఊరికో మండలానికో, ఒకటి రెండు రోజులు ఆపుకోండి. కానీ ఆపిన గంటలోనే ఆ ఆర్డరు, కారణంతో, గడువుతో, సంతకంతో, తెలుగులో, అందరికీ కనపడాలి. పంచాయతీ గోడ మీద అంటించండి, ప్రతి ఫోనుకీ మెసేజ్ పంపండి, ఎస్ఎంఎస్‌కి నెట్ అక్కర్లేదు కదా. 2024 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆర్డర్లు ప్రచురించాలని ఉంది. మెచ్చుకుందాం. ఏ గోడ మీద, ఏ భాషలో, ఎన్ని గంటల్లో అని కూడా అడుగుదాం.

అడిగేవాళ్లు ఎవరు? ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘాల మహాసభలకి రెండు రాష్ట్రాల మంత్రులు, ఎమ్మెల్యేలు వస్తారు. శాలువా కప్పుతాం, సెల్ఫీ దిగుతాం. మైకు దొరికితే గన్నవరానికి డైరెక్ట్ ఫ్లైటు ఎప్పుడు, ఎన్నారైల భూముల కబ్జా సంగతేంటి అని అడుగుతాం. రెండూ అడగాల్సినవే. ఊళ్లో మన అమ్మల ఫోన్లు మూగబోయిన పది రోజుల సంగతి ఒక్కరూ అడగగా నేను వినలేదు. నేనూ అడగలేదు. నాలుగేళ్లుగా మంత్రులతో దిగిన ఫొటోలు నా ఫోన్‌లోనే మూడున్నాయి.

ఈసారి సభకి ప్రశ్న ఒకటి రాసి పెట్టుకున్నాను: "2022 మేలో కోనసీమలో నెట్ ఆపిన ఆర్డర్లు, వాటి మీద రివ్యూ కమిటీ రాసిన నోట్లు ఎక్కడ చూడొచ్చు?" ప్రశ్నలు ముందుగా ఈమెయిల్ చేయమని మన కమిటీవాళ్లు చెప్పారు. పంపి మూడు వారాలైంది. మొన్న ఒకాయన ఫోన్ చేసి, "ఇది కాస్త సెన్సిటివ్‌గా ఉందండీ, ఫ్లైట్ల గురించి ఏమన్నా అడుగుతారా?" అన్నారు.