సవరణ: సట్టన్ హూ ఓడ గురించి

1939లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో, సట్టన్ హూ అనే చోట, పాతకాలపు సమాధి దిబ్బలో దొరికిన చెక్క ఓడ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. అక్కడి ఇసుకకు ఆమ్ల గుణం ఎక్కువ; చెక్క ఎప్పుడో కుళ్లిపోయింది. మిగిలిందల్లా పలకలను బిగించిన, తుప్పు పట్టిన ఇనుప రివెట్ల వరసలు, ఇసుకలో పడ్డ సుమారు 27 మీటర్ల ఓడ అచ్చు. తవ్వకం మొదలుపెట్టిన బేసిల్ బ్రౌన్ రివెట్లను కదపకుండా చుట్టూ ఇసుక మెల్లగా తీసుకుంటూ పోబట్టే ఆ ఆకారం బయటపడింది. మ్యూజియంలో ఉన్నవి చనిపోయినవారి కోసం ఓడలో పెట్టిన వస్తువులు.

ఆ వస్తువుల్లోని శిరస్త్రాణం చెక్కుచెదరకుండా దొరికిందని రాసిందీ తప్పే, వందల ముక్కలను అతికించారు. దాని ఫొటోలో అతుకులు కనబడుతూనే ఉన్నాయి, నేనే సరిగా చూడలేదు. శిరస్త్రాణం మీది కనుబొమ్మల చివర అడవిపంది తలలున్నాయని రాసిన మాట మాత్రం సరైనదే.