తప్పే జరగని ఆస్పత్రులు

మన ఆస్పత్రుల్లో రోగుల భద్రత గాలిలో దీపంలా ఉందని గిట్టనివాళ్లు చేసే ప్రచారాన్ని ఖండించడానికి ఒక్క సాక్ష్యం చాలు. ఏదైనా ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లి, ‘క్వాలిటీ సెల్’ అని బోర్డు ఉన్న గదిలో బీరువా తెరిపించి, అట్టమీద ‘ఇన్సిడెంట్ రిజిస్టరు’ అని రాసి ఉన్న, జరిగిన పొరపాట్లను నమోదు చేయవలసిన పుస్తకాన్ని తీసి చూడండి. మొదటి పేజీలో పై అధికారి సంతకం, ఆస్పత్రి ముద్ర ఉంటాయి. మిగతా పేజీలు ప్రెస్సు నుంచి వచ్చినప్పుడు ఎంత తెల్లగా ఉన్నాయో ఇప్పటికీ అంతే తెల్లగా ఉంటాయి. ఏడాది పొడవునా వేలమంది వచ్చి ఇంజక్షన్లు పొడిపించుకుని, సెలైన్లు ఎక్కించుకుని, కోతలు కోయించుకుని వెళ్లినా ఒక్కటంటే ఒక్క పొరపాటు జరగకపోవడం సామాన్యమైన విషయం కాదు.

ఈ విషయంలో అమెరికావాళ్లను చూస్తే జాలి కలుగుతుంది. వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల తమ ఆస్పత్రుల్లో ఏటా 44 వేల నుంచి 98 వేలమంది దాకా చనిపోతున్నారని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో అంచనా కట్టి, ఆ మాటను అచ్చువేయించి మరీ లోకానికి చాటింది. ఇంటిగుట్టు రచ్చకెక్కించడమంటే ఇదే. అంతకు నూటయాభై ఏళ్ల ముందే, 1847లో, వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు ఇలాంటి పనే చేశాడు. ప్రసూతి వార్డులో చనిపోతున్న బాలింతలను లెక్కపెట్టి, శవాలను కోసిన చేతులతోనే పురుళ్లు పోయడానికి వస్తున్న డాక్టర్లు క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కుంటే ఆ చావులు ఎంతగానో తగ్గుతాయని నిరూపించాడు. అందుకు ప్రతిఫలంగా రెండేళ్లు తిరక్కుండానే కొలువు పోగొట్టుకుని, 1865లో పిచ్చాసుపత్రిలో కన్నుమూశాడు. చేతులు కడుక్కోవాలన్న పాఠం ఒంటబట్టడానికి లోకానికి చాలాకాలం పట్టింది గానీ, లెక్కపెట్టేవాడికి ఏ గతి పడుతుందన్న పాఠం మాత్రం మన ఆస్పత్రుల పాలనా విభాగాలకు చప్పున అర్థమైంది.

రిజిస్టరును ఇంత శుభ్రంగా ఉంచడానికి ఎందరు ఎంత శ్రమిస్తున్నారో బయటివారికి తెలియదు. రాత్రి రెండు గంటలవేళ ముప్ఫైమంది రోగులను ఒంటిచేత్తో చూసుకుంటున్న స్టాఫ్ నర్సు, యాంటీబయాటిక్ పొడి కలపడానికి డిస్టిల్డ్ వాటర్ కోసం మందుల ట్రేలో చెయ్యి పెట్టిందనుకుందాం. పక్క అరలోని పొటాషియం క్లోరైడు చేతికి వచ్చింది. రెండూ ఒకే సైజు ప్లాస్టిక్ ఆంప్యూళ్లు, రెంటిలోనూ నీళ్లలాంటి ద్రవమే, పేరు చూడబోతే చీమ తలకాయంత అక్షరాలు. మూత తుంచి, సిరంజిలోకి లాగబోతూ, ఎందుకో ట్యూబులైటు వైపు తిప్పి చూసి ఆగిపోయింది. పలుచన చేయకుండా నరంలోకి ఎక్కిస్తే గుండెను ఆపేసే మందు అది. గాఢమైన పొటాషియం క్లోరైడును మామూలు వార్డుల్లో అసలు ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటున్నది అందుకే. ఇలా వెంట్రుకవాసిలో తప్పిపోయిన ప్రమాదాన్ని ‘నియర్ మిస్’ అంటారని, ఎవరికీ హాని జరగకుండానే ఏ ట్రే ఎక్కడ ఉండకూడదో నేర్పుతుంది కనుక దాన్ని తప్పకుండా రాసిపెట్టాలని పాఠాల్లో చెబుతారు. ఆ పిల్ల పాపం కొత్తది కావడం చేత, తెల్లవారాక రాయడానికి పెన్ను తీసింది కూడా. “రాయమన్నారు కదా అని రాసేస్తావా తల్లీ? నీకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు” అని ఇన్‌ఛార్జి సిస్టరు ప్రేమగా మందలించింది. ఆంప్యూలు చెత్తబుట్టలోకి వెళ్లింది. ట్రే మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది.

ఒకవేళ తప్పిపోవలసింది తప్పిపోక, జరగరానిది జరిగిపోతే ‘మూలకారణ విశ్లేషణ’ అనే యజ్ఞం మొదలవుతుంది. దీనికి జపాను కార్ల కర్మాగారాల్లో పుట్టిన ఒక పద్ధతి ఉంది. ఎందుకు జరిగిందని అడగాలి, వచ్చిన జవాబు మీద మళ్లీ ఎందుకని అడగాలి, అలా ఐదుసార్లు అడిగితే అసలు కారణం బయటపడుతుందంటారు. ఆ లెక్కన పోతే, నర్సు తప్పు మందు ఎందుకు తీసిందంటే రెండూ పక్కపక్కనే ఉన్నాయని, ఎందుకున్నాయంటే స్టోర్సు నుంచి అలాగే వచ్చాయని, ఒకేలా ఎందుకున్నాయంటే కొనుగోలు కమిటీ తక్కువ ధరకు వస్తుందని కంపెనీని మార్చిందని, ముప్ఫైమందికి ఒక్క నర్సే ఎందుకుందంటే ఖాళీలు భర్తీ చేయలేదని, ఎందుకు చేయలేదంటే... ఇక్కడికి వచ్చేసరికి కమిటీలో సగంమందికి చెమటలు పడతాయి. ఆ ఇబ్బందిని ముందే ఊహించిన మన పెద్దలు ‘ఎందుకు’ జోలికి పోకుండా ‘ఎవరు’ అని ఒక్కసారే అడుగుతారు. సమాధానం అరనిమిషంలో దొరుకుతుంది, దాని పేరు నైట్ డ్యూటీ సిస్టరు. మెమో ఇస్తారు, సంజాయిషీ తీసుకుంటారు, వేరే వార్డుకు మారుస్తారు, ఫైలు మూసేస్తారు. ఆమె స్థానంలో వచ్చిన సిస్టరు అదే రాత్రి అదే ట్రేలో చెయ్యి పెడుతుంది. ఇలాంటి ప్రమాదం ఒక్కరి తప్పుతో జరగదని, వరసగా పేర్చిన జున్ను ముక్కల్లోని రంధ్రాలన్నీ ఒకే గీత మీదికి వచ్చినట్టు అన్ని స్థాయుల్లోని లోపాలూ ఒక్కసారి కలిసినప్పుడే జరుగుతుందని జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త వివరించాడట. అన్ని ముక్కలనూ విచారించే తీరిక ఎవరికుంది? చివరి ముక్కకు మెమో ఇస్తే సరిపోతుంది.

న్యాయ సలహాదారు మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవలను వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి తెచ్చిన నాటి నుంచి ఆయన ఏ కాగితం చూసినా ‘ఇది రేపు కోర్టులో కనబడితే?’ అని ఒకే ప్రశ్న వేస్తున్నారు. ఆ భయం నిరాధారమైనదని నేను అనను. బిల్లు చూసి, శవాన్ని చూసి గుమికూడిన బంధువుల ముందు నిలబడే డ్యూటీ డాక్టరుకు ఆ భయం మరీ ఎక్కువ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సూత్రాన్ని మాత్రం మనవాళ్లు కొంచెం మార్చుకున్నారు. అడుసు తొక్కవచ్చు, కాలి ముద్రలు పడనీయకూడదు.

రోగిని గుర్తుపట్టే పద్ధతిలోనూ మనకంటూ ఒక సంప్రదాయం ఉంది. ఏ మందైనా ఇచ్చేముందు పూర్తి పేరుతో పాటు ఆస్పత్రి నమోదు సంఖ్యను సరిచూడాలని, మంచం నంబరును గుర్తుగా వాడకూడదని నియమం. మన వార్డుల్లో మనుషులకు పేర్లు అడ్మిషన్ కౌంటరు దగ్గరే ఆగిపోతాయి, ఆ తర్వాత అందరూ ‘పన్నెండో బెడ్డు’, ‘పద్నాలుగో బెడ్డు’. పద్నాలుగులోని లక్ష్మమ్మ గాలి ఆడటం లేదని ఫ్యాను కిందనున్న పన్నెండుకు, అంటే వెంకటలక్ష్మి మంచానికి, మారిపోతే అది ఆమె జాతకం. ‘మీ పేరేమిటమ్మా’ అని అడిగి ఆమె చేతనే చెప్పించాలి గానీ, ‘మీరు వెంకటలక్ష్మే కదా’ అని అడగకూడదట. చెవుడున్న ముసలావిడ డాక్టరు గారు ఏమడిగినా మర్యాదకు తల ఊపుతుంది. ఆ తల ఊపు మీదనే మన వైద్యవ్యవస్థ నడుస్తోంది.

ఆపరేషన్ థియేటరు చెక్‌లిస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసింది. అందులో ఉన్నవి 19 అంశాలే. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగి బయటికి వెళ్లేముందు మూడుసార్లు ఆగి, అందరూ వినేలా సరిచూసుకోవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. మన థియేటర్లలో ఈ మూడు విరామాలూ సాయంత్రం టీ వేళ, కేస్ షీట్లు పూర్తిచేసేటప్పుడు, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, గబగబా టిక్కుల రూపంలో సంభవిస్తాయి. జట్టులోని ప్రతివారూ తమ పేరు, పని చెప్పుకోవాలన్న అంశం దగ్గర కూడా టిక్కు ఉంటుంది. పెద్ద సర్జను గారిని ‘తమరెవరు’ అని అడిగిన సిస్టరు ఇంకా పుట్టలేదు.

అయితే మనం ఏమీ లెక్కపెట్టమనడం అన్యాయం. ఆపరేషన్లను చాలా శ్రద్ధగా లెక్కపెడతాం. 50 వేల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసినందుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2014 గణతంత్ర దినోత్సవం నాడు ఒక సర్జనును సత్కరించింది. అదే ఏడాది నవంబరు 8న, బిలాస్‌పూర్ దగ్గర మూతపడి ఉన్న ఒక ఆస్పత్రి భవనంలో, అదే సర్జను కొద్ది గంటల్లో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశాడు. 13 మంది చనిపోయారు. ఒక జట్టు రోజుకు 30కి మించి చేయకూడదన్న మార్గదర్శకం అప్పటికే ఉంది. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టు 25న మన హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజులో 34 మందికి చేశారు, నలుగురు తిరిగిరాలేదు. టార్గెట్ల రిజిస్టరులో ఖాళీ పేజీలు ఉండవు.

ఈ మధ్య ఒక చిక్కు వచ్చిపడింది. గుర్తింపు ఇచ్చే సంస్థల నుంచి వచ్చే అసెసర్లు ఖాళీ రిజిస్టరును చూసి మెచ్చుకోకపోగా, ఇంత పెద్ద ఆస్పత్రిలో ఒక్క ఘటనా లేకపోవడం నమ్మశక్యంగా లేదని, రిపోర్టింగ్ పెంచాలని రాసి వెళుతున్నారు. దాంతో ప్రతి వార్డూ నెలకు ఐదు నియర్ మిస్‌లు సమర్పించాలని ఆదేశాలు వెలువడుతున్నాయి. నెలాఖరున ఇన్‌ఛార్జి సిస్టర్లు కూర్చుని, మెమో రాని ఘటనలను సృష్టిస్తున్నారు: ‘నేల తడిగా ఉన్నది, రోగి జారలేదు’, ‘స్ట్రెచర్ చక్రం కిర్రుమన్నది’, ‘గోడ గడియారం ఐదు నిమిషాలు వెనక ఉన్నది’. కోటాకు మించి దొరికిన వార్డులు లేనివాటికి అరువు ఇస్తున్నాయి. సెప్టెంబరు 17న ప్రపంచ రోగి భద్రతా దినోత్సవం సందర్భంగా ముగ్గుల పోటీతో పాటు ఉత్తమ రిపోర్టింగ్ వార్డుకు జ్ఞాపిక కూడా ఇస్తారట. ఆ సభకు ప్రతి వార్డు నుంచి ఇద్దరు సిస్టర్లు తప్పనిసరిగా హాజరు కావాలని, ఆ రెండు గంటలు రోగులను ఎవరు చూసుకోవాలన్నది వార్డులే సర్దుకోవాలని సర్క్యులర్‌లో స్పష్టంగా పేర్కొన్నారు.