పాలంపేట అడిగితే ఎవరు చెప్పాలి?

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలు ఆ గుడి చూసి వెళ్లారు. అలాంటి రోజుల్లో మన యంత్రాంగం ఎంత చురుగ్గా కదులుతుందో చెప్పక్కర్లేదు. ఏ శాఖకు ఏ పని, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ బండి ఎన్ని గంటలకు రావాలి, అంతా ముందే కాగితం మీదికి ఎక్కుతుంది. వచ్చేవాళ్లు అడగకముందే వాళ్ల ప్రశ్నలకు జవాబులు సిద్ధం. ఊళ్లో ఉండేవాళ్ల ప్రశ్నలకు మాత్రం ఆ భాగ్యం లేదు. పాలంపేట కావచ్చు, మేడారం కావచ్చు, లక్నవరం చెరువు పక్క ఊళ్లు కావచ్చు, వేములవాడ కావచ్చు. జనం వచ్చిపోయే ఏ ఊళ్లోనైనా ఇదే వరస.

ఆ ప్రశ్నలేమైనా పెద్దవా అంటే కాదు. ఆదివారం వచ్చిన కార్ల దగ్గర వసూలు చేసిన పార్కింగ్ డబ్బు ఏ ఖాతాలో పడింది? తైబజారు (రోడ్డు పక్క దుకాణాల దగ్గర రుసుము వసూలు చేసుకునే హక్కు) వేలం ఎంతకు పోయింది? టూరిస్టులు పారేసిన ప్లాస్టిక్‌ను పంచాయతీ ట్రాక్టర్ ఎత్తుతుందా, టూరిజం వాళ్లు ఎత్తుతారా? మనిషికి రోజుకు 100 లీటర్లని మిషన్ భగీరథ లెక్క కట్టింది ఊరి జనాభాకు. హోటళ్లకు, కాటేజీలకు పోయే నీళ్లు ఎవరి వాటాలోవి?

ఇలాంటి ఊళ్లలో చిక్కు ఇంకొకటుంది. గుడి పురావస్తు శాఖది, చెరువు నీటిపారుదల శాఖది, కాటేజీలు టూరిజం వాళ్లవి, రోడ్డు ఆర్ అండ్ బీది, అడవి అటవీశాఖది. మిగిలిన మోరీ, వీధి దీపం, చెత్తబండి పంచాయతీవి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి అని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. ఆ గీత లోపల ఉన్నాయన కురుస్తున్న పెంకుల మీద రేకులు వేసుకోవచ్చా అని పంచాయతీ కార్యదర్శిని అడిగాడనుకోండి. 'ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) వాళ్లను అడగండి' అంటారు. ఏఎస్ఐ ఆఫీసు ఎక్కడ, ఏ ఫారం నింపాలి, ఎన్ని రోజులు పడుతుంది? దానికి జవాబుండదు. చట్టం అవసరమే, గుడి నిలవాలి. కానీ ఆ చట్టం కింద బతికే మనిషికి దాన్ని విడమర్చి చెప్పే పని ఒక్క ఆఫీసైనా నెత్తిన వేసుకోవాలి కదా.

మన స్థానిక సంస్థలకు నోటికి తేలిగ్గా వచ్చే మాట 'పైకి రాశాం'. ఈ మాట వినగానే చాలామంది తిరిగి ఇంటికి పోతారు. అక్కడే పట్టుకోవాలి. ఏ తేదీన రాశారు? ఎవరికి రాశారు? లెటర్ నంబరెంత? వాళ్లేమన్నారు? ఈ నాలుగూ అడిగితే సగం సందర్భాల్లో అసలు ఉత్తరమే లేదని తేలుతుందని నా అనుమానం.

అడిగే చోటు చట్టంలో లేదా అంటే దర్జాగా ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. మేడారం ఉన్న తాడ్వాయి ఏజెన్సీ ప్రాంతం. అక్కడ ఏజెన్సీ ఊళ్ల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, పంచాయతీ ఖర్చు చేసిన నిధులకు వినియోగ ధ్రువీకరణ గ్రామసభ దగ్గరే తీసుకోవాలంది. అంటే ఊరు సంతకం పెడితేనే లెక్క చెల్లుతుంది. 2026 జనవరి చివర్లో మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర ముగిసింది. జంపన్న వాగు ఒడ్డున కోడి ఈకలు, పులిసిన బెల్లం, ప్లాస్టిక్ గ్లాసులు మిగిలాయి. బయటి జిల్లాల నుంచి తెచ్చిన పారిశుధ్య కార్మికులు ఏ తేదీ దాకా ఉన్నారు, ఆ తర్వాత బ్లీచింగ్ చల్లే పని ఎవరిది, దానికి డబ్బు ఎక్కడిది అని మేడారం, ఊరట్టం గ్రామసభల్లో అడిగితే ఆ జవాబు వినడం వాళ్ల హక్కు. దాన్ని దయగా చేస్తున్నట్టు మాట్లాడటమే నాకు మింగుడుపడదు.

అసలు కోపం ఇక్కడ. మనం అడగడం మానేసి అర్జీ పెట్టుకోవడం నేర్చుకున్నాం. సోమవారం వస్తే కలెక్టరేట్ ప్రజావాణి ముందు క్యూ. ములుగులోనో సిరిసిల్లలోనో ఒక ముసలాయన ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్ జిరాక్స్, ఆధార్ జిరాక్స్, వెనకటి మూడు అర్జీల రసీదులు పెట్టుకుని కూర్చుంటాడు. ఆ రసీదే ఆయనకు దక్కిన జవాబు. 2023 డిసెంబరు చివరి నుంచి జనవరి 6 దాకా ఊరూరా దరఖాస్తులు తీసుకున్న ప్రజాపాలన కార్యక్రమంలో కోటీ 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయని ప్రభుత్వమే గొప్పగా చెప్పుకుంది. అందులో గొప్ప ఏముంది? ఊళ్లో తేలాల్సిన మాటలన్నీ ఫారాలై పట్నం చేరాయి. దరఖాస్తు ఒంటరిది, ప్రశ్న ఊరుమ్మడిది. నా దరఖాస్తు తిరస్కరిస్తే నాకొక్కడికే తెలుస్తుంది. నా ప్రశ్నకు సభలో జవాబు చెప్పలేకపోతే ఊరంతా చూస్తుంది. అధికారులకు దరఖాస్తులంటే ఎందుకంత ముద్దో ఇప్పుడు అర్థమైందా?

2025 జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాల కోసం నాలుగు రోజులు గ్రామసభలు పెట్టారు. చాలాచోట్ల గొడవలయ్యాయి, పోలీసులు వచ్చారు. జనానికి ఓపిక లేదని అప్పుడు తీర్పులిచ్చారు. జాబితా చదివి వెళ్లిపోవడానికి వచ్చిన అధికారులను 'నా పేరు ఎందుకు లేదు' అని అడిగితే వాళ్ల దగ్గర కారణం లేదు. కారణం చెప్పలేని సభలో గొడవ గాక ఏమవుతుంది?

సర్పంచుల వైపు మాట కూడా ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ట్రాక్టర్ డీజిల్‌కు కూడా కార్యదర్శులు అప్పులు చేశారు. కొత్త సర్పంచులు ఖాళీ ఖజానాతో కూర్చున్నారు. ప్రశ్నలకు చోటిస్తే ఓడిపోయిన వర్గం రచ్చ చేస్తుందన్న టెన్షన్ కూడా నిజమే. సరే. డబ్బు లేదన్నదే జవాబైతే దాన్నే కాగితం మీద పెట్టండి: ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఏది ఆగింది. 'కాదు' అనడానికి ఖజానా అక్కర్లేదు.

మనకు ఇది చేతకాదనే వాళ్లకు ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌ను గుర్తుచేస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైంది. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) తీసుకుని ఊరికి వచ్చి, ఇంటింటికీ తిరిగి, చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందు చదివేవాళ్లు. చనిపోయినాయన పేరు మీద హాజరు పడిందని చదివితే, ఆయన భార్య అక్కడే లేచి నిలబడితే, ఫీల్డ్ అసిస్టెంట్ ఏం చెప్పగలడు? రికవరీలు అయ్యాయి, సస్పెన్షన్లు అయ్యాయి. వచ్చిన సొమ్ము తక్కువే, అది వేరే బాధ. కానీ చదువు రాని కూలీ అడిగితే ఆఫీసు నిలబడి చెప్పాల్సిన పద్ధతి ఈ నేల మీద నడిచింది. ఒక్క పథకానికి సాధ్యమైంది వీధి దీపానికి, నల్లా నీళ్లకు ఎందుకు కాదు?

సమాచార హక్కు ఉంది కదా అంటారు. ఉంది, గ్రామస్థాయిలో ఫీజు కూడా లేదు, 30 రోజుల్లో చెప్పాలి. కానీ అదీ కవర్లో పెట్టి ఒక్కరికి పంపే జవాబే. పైగా చెప్పకపోతే అప్పీలుకు పోవాల్సిన రాష్ట్ర కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లు లేక ఖాళీగా ఉంది.

వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లిని చూసి రమ్మని అందర్నీ పంపుతారు. 1994లో మాచాపూర్ నుంచి విడిపడి పంచాయతీ అయింది, 2007లో పారిశుధ్యానికి ఇచ్చే నిర్మల్ గ్రామ పురస్కారం తెచ్చుకుంది. చూసొచ్చినవాళ్లు నీళ్ల ప్లాంటు గురించి, శుభ్రత గురించి చెబుతారు. నాకు అక్కడ కనిపించేది నీళ్లకో కమిటీ, పారిశుధ్యానికో కమిటీ పెట్టుకున్న తీరు. ఏ పనికి ఎవరిని నిలదీయాలో ఇంటింటికీ తెలుసు. ఇంటి పన్ను నూటికి నూరు శాతం కడతారని ఆ ఊరికి పేరు. కట్టిన డబ్బు గురించి పక్కింటాయన్నే అడగగలిగితే ఎవరైనా కడతారు.

పంచాయతీరాజ్ కమిషనర్ ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. గ్రామసభలో వచ్చిన ప్రతి ప్రశ్న రిజిస్టర్లో ఎక్కాలి. వచ్చే సభలో కార్యదర్శి మొదటి పనిగా జవాబులు చదవాలి: ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా, ఎంతతో, చేయకపోతే ఎందుకు. అదే కాగితం పంచాయతీ గోడకు అంటించాలి. పంచాయతీ వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసే సెట్టింగ్ తీసేయాలి. పర్యాటక గ్రామాలైతే టూరిజం, దేవాదాయ, పురావస్తు, అటవీ శాఖల నుంచి ఒక్కో మనిషి ఏడాదికి రెండు సభలకైనా వచ్చి కూర్చోవాలి. ప్రపంచ సుందరులు వచ్చిన రోజు ఈ శాఖలన్నీ ఒకే ఊళ్లో కలిశాయి కాబట్టి దారి తెలియదని చెప్పే వీలు లేదు.