విలీనంగారికి బహిరంగ లేఖ

అయ్యా విలీనంగారూ,

లయ, ప్రళయం మీ రక్తసంబంధీకులని నిఘంటువు తెరిస్తే తెలుస్తుంది. ముగ్గురిదీ ఒకటే ధాతువు, కరిగిపోవడం. పత్రికా ప్రకటనల్లో మాత్రం ఈ చుట్టరికం ఎక్కడా చెప్పుకోరేం?

మీ గుట్టంతా విభక్తిలో ఉంది. "ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది" అన్నది సరైన వాడుక. 'లో' తగిలించుకున్న పేరు బోర్డు మీద మిగులుతుంది, రెండోది దిగిపోతుంది. అదే 'యూనియన్ బ్యాంకుతో' అని రాశారా, ఇద్దరూ సరిసమానంగా చేతులు కలిపినట్టే ఉంటుంది. పేరు పోయినవాళ్లను ఊరడించాలంటే 'తో' అంత చవకైన మందు లేదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో పెట్టిన ఆ ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న ఏ విభక్తిన పోయిందో బోర్డే చెబుతోంది. అంతకు మూడేళ్ల ముందు, అదే తేదీన, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్. ఆర్థిక సంవత్సరం ఆ రోజే మొదలవుతుందంటారు. సరే, నమ్మాం.

ఇక క్రియ. "విలీనం చేశారు" అంటే ఎవరు చేశారని అడిగే వీలుంది. "విలీనమైంది" అంటే వానొచ్చినట్టే, అడగడానికి ఎవరూ దొరకరు.

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో "ఆర్టీసీ ప్రభుత్వంలో విలీనం" అని ఊరంతా అనేసింది. నిజానికి వెళ్లింది ఉద్యోగులు, ప్రజా రవాణా శాఖలోకి. సంస్థ సంస్థగానే ఉంది. కర్తనే మార్చేసినా మీరు కిక్కురుమనలేదు.

మీ పని ఒక్క రోజులో అయిపోతుంది, మా పని మర్నాడు మొదలవుతుంది. ఖాతా నంబరు మారకపోయినా బ్యాంకు శాఖను గుర్తించే కోడ్, ఐఎఫ్ఎస్‌సీ, మారుతుంది: ఏఎన్‌డీబీ పోయి యూబీఐఎన్ వచ్చింది. పీఎఫ్ కేవైసీలో కొత్త కోడ్ ఎక్కించకపోతే క్లెయిము డబ్బు వచ్చిన దారినే పోతుంది. ఆదాయపు పన్ను పోర్టల్లో ఖాతాను మళ్లీ వ్యాలిడేట్ చేయకపోతే రిఫండు ఆగుతుంది. అప్పిచ్చినవాళ్ల దగ్గర ముందే సంతకం చేసి పెట్టిన పాత చెక్కులుంటే అవీ మార్చివ్వాలి.

అన్నిటికన్నా పెద్ద ముక్క ఒకటుంది. బ్యాంకు మునిగితే ఆదుకునే డిపాజిట్ బీమా ఒక్కొక్కరికి బ్యాంకుకు 5 లక్షలు. జాగ్రత్తపడి రెండు బ్యాంకుల్లో చెరో 5 దాచుకున్నవాళ్లకు, ఆ రెండూ ఒకటయ్యాక పదింటికీ కలిపి ఐదే. మీ అభినందన ప్రకటనలో ఈ వాక్యం ఏ మూల వేశారో కాస్త చూపించగలరు.

ఇట్లు,
ఖాతాదారులు
(నంబరు పాతదే, కోడ్ కొత్తది)