సర్వరోగ నివారిణి పిస్తోలు

విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగే పెద్దమనుషులకు కుళాయి నీళ్లు, రోడ్లు, పిల్లల చదువులు అన్నీ సర్దుకున్నట్టున్నాయి. మిగిలిన సమస్య ఒక్కటే. బతుక్కి ఒకటే పిస్తోలు కొనాలంటే ఏది కొనాలి? దొంగకీ అదే, ఎలుగుబంటికీ అదే, ఎలక్షన్‌కీ అదే, కూతురి పెళ్లి ఊరేగింపుకీ అదే. చొక్కా కింద దాగాలి, బయటికి తీస్తే ఏనుగు కూలాలి. విశాఖలో ఉద్యోగం, ఊళ్లో పదెకరాలు, కట్నం అక్కర్లేదనే అల్లుణ్ని వెతికినట్టే వెతుకుతున్నారు.

ఈ జబ్బు ఫోన్లోంచి దిగింది. అమెరికా గడ్డపాయన ఒకడు 9 ఎంఎం, నాలుగంగుళాల గొట్టం, 15 తూటాలు పట్టే గ్లాక్ 19 అనే పిస్తోలు కొనుక్కుంటే ఇంకేమీ అక్కర్లేదన్నాడు. గొట్టం పొట్టిదైతే గురి కుదరదు, పొడుగైతే బట్టల కింద దాగదు, కనుక మధ్యరకం. ఆయన ఊరికి ఆ మాట సబబే. మన దగ్గర 9 ఎంఎం నిషేధిత బోరని (బోరంటే గొట్టం లోపలి వెడల్పు), కలెక్టరాఫీసు మామూలు లైసెన్సు మీద అది రాదని ఆయనకేం పట్టింది? మనవాళ్లకూ పట్టలేదు. తలకాయలు మాత్రం ఊగాయి.

లైసెన్సుదారుడికి ఇక్కడ మామూలుగా దక్కేది పాయింట్ 32 బోరు. కాన్పూరు రివాల్వరు, ఆరు తూటాలు. కాదంటే అదే బోరులో పిస్తోలు. రివాల్వర్లో ఒక తూటా తుస్సుమంటే మళ్లీ ట్రిగ్గరు నొక్కితే చాలు, పక్క తూటా ఎదురుకొస్తుంది. పిస్తోలైతే పైన జారే తొడుగు, అదే స్లైడు, వెనక్కి లాగి చెడ్డదాన్ని బయటపడేయాలి, వణికే చేతుల్తో. ఏడాదికోసారి ముట్టుకునేవాడికి రివాల్వరే నయం. చర్చ అయిపోయింది! ఇన్నాళ్లూ ఎన్ని టీలు తాగారు బాబూ?

ఇక ఎలుగుబంటి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగు అంటే కబుర్లు కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ప్రాణం తీసింది, మర్నాడు మరికొందరి మీద పడింది. పొద్దున్నే జీడిపిక్కలు ఏరుకోడానికి వెళ్లేవాళ్ల చేతిలో ఉండేది కర్ర. వాళ్లెవరూ ఏ బోరు మంచిదని అడగరు. అడిగేవాడు టౌన్లో ఏసీ గదిలో ఉంటాడు. పాయింట్ 32 రివాల్వరు గుండు ఆరు గ్రాముల పైచిలుకు, పైగా నెమ్మదైనది. దట్టమైన బొచ్చు, దాని కింద వదులు తోలు, పది అడుగుల దూరంలోంచి మీదికొచ్చే జంతువు. ఆ గుండు దానికి కోపం తెప్పించడానికి బాగా పనికొస్తుంది.

దొంగ సంగతి చూద్దాం. ఆయుధం తాళం వేసిన బీరువాలో ఉండాలి, తూటాలు వేరే పెట్టెలో. అర్ధరాత్రి పెరట్లో చప్పుడవుతుంది. మన వీరుడు లేస్తాడు. బీరువా తాళాల్లేవు. ఇల్లాలు నరసన్నపేటలో పుట్టింట ఉంది. ఫోన్ కొడతాడు.

"ఒలే, బీరువా తాలాలెక్కడెట్టేవే?"

"ఇంత రాత్రేల తాలాలేటయ్యా? పట్టుచీర ఎవులికిస్తావు?"

"సీరేటే! దొంగొచ్చేడు!"

"అయితే అరువు. నీ గొంతిని పులే పారిపోద్ది, దొంగేటి!"

తాళాలు చివరికి బియ్యం డబ్బాలో తేలతాయి. తూటాల పెట్టె తాళం తేలదు. ఈలోగా దొంగ గ్యాస్ బండ ఆటోలో ఎక్కించి, వాషింగ్ మిషన్‌కి సాయం పట్టమని ఆటోవాణ్ని పిలుస్తున్నాడు. తూటాలు దొరికాయే అనుకుందాం. నాలుగేళ్ల కిందటివి, నాలుగు వర్షాకాలాలు చెమ్మ తాగినవి. "టప్" అని నీరసంగా మోగితే అక్కడే ఆగిపోవాలి, గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేలిస్తే చీలేది గొట్టం, పోయేవి వేళ్లు. రివాల్వరు తోలు సంచిలోనే ఏడాదంతా నిద్రపోయి ఉంటే తుప్పు కూడా పట్టి ఉంటుంది. తోలు చెమ్మ పీలుస్తుంది. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఇంకా తొందర. తుడిచి, పల్చగా నూనె రాసి, సంచిలోంచి తీసి పెట్టాలి. ఈ మాట చెప్తే, ఏ నూనె మంచిదని ఇంకో ఆర్నెల్ల చర్చ మొదలెడతారు.

అందుకే కొందరు గట్టివాళ్లు తూటాలు నింపి తలగడ కింద పెట్టుకుంటామంటారు. ఇంట్లో ఏడేళ్ల మనవడు తిరుగుతుంటాడు. రివాల్వరు ట్రిగ్గరు బరువుగా ఉంటుందట, పిల్లాడి వేలికి లొంగదట. పిల్లాడు వేలితో ఎందుకు నొక్కుతాడయ్యా? గొట్టం తన మొహం వైపు తిప్పుకుని, పిడి రెండు చేతుల్తో పట్టుకుని, రెండు బొటనవేళ్లతో నొక్కుతాడు. తూటాని కొట్టే వెనకవైపు సుత్తి ముందే వెనక్కి లాగి ఉంటే అంత బలమూ అక్కర్లేదు. రాని దొంగ కోసం మనవడి చేతికందేలా తూటాలు పెట్టేవాణ్ని వీరుడంటారా? సిగ్గుండాలి. మీసం మెలేసేముందు తాళం వెయ్యడం నేర్చుకోండి.

పెళ్లి ఊరేగింపులో గాల్లో కాలుద్దామా? 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకెళ్లిన గుండు ఏ మేనత్త నెత్తిన దిగుతుందో పురోహితుడు కూడా చెప్పలేడు.

మిగిలింది ఎలక్షన్. కోడ్ కూసిందంటే పోలీసులు లైసెన్సు తుపాకులు అప్పగించమంటారు. దొంగలూ ఎలుగులూ ఫలితాల దాకా ఆగాలి మరి. స్టేషన్లో రివాల్వరు ఇచ్చేసి, పెద్దమనిషి రసీదు తెచ్చుకుంటాడు. అది పల్చగా ఉంటుంది, చొక్కా జేబులో పడుతుంది, బయటికి కనపడదు, తుప్పు పట్టదు, మనవడి చేతిలో పేలదు. గంటస్తంభం దగ్గర ఇన్నాళ్లూ వెతికింది అదేనేమో, ఎవరైనా వెళ్లి చెప్పండి.