సగం వెలుగు కమీషన్‌గా కొట్టేసే షేడ్‌నెట్ గారికి

పంట మీద ఎండ తగ్గించడానికి కప్పే వల, గౌరవనీయులైన ఆకుపచ్చ షేడ్‌నెట్ గారికి నమస్కారాలు.

ముందు తమరి మేలు చెప్పుకోవాలి, లేకపోతే పాపం తగులుతుంది. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ (వెలుగు కొలత) దాకా ఉంటుంది. క్యాప్సికం ఆకు ఒక్కటీ అందులో సగం కూడా వాడుకోలేదు. మిగతాదంతా వేడి. కాయను కాల్చి తెల్లమచ్చలు తెస్తుంది, పూత రాలుస్తుంది. అప్పుడు తమరు తీసుకునే 50 శాతం న్యాయమైన కమీషనే.

కానీ జూలై వచ్చింది కదండీ! ముసురు పట్టి, మధ్యాహ్నం కూడా ఇరవై వేల లక్స్ దాటని రోజులుంటాయి. అప్పుడూ అదే రేటా? పంట పోయిన ఏడు శిస్తు మాఫీ చేసిన రాజులు కూడా ఉన్నారు.

పాలీహౌస్ పైకప్పుగా ఉన్న, దుమ్ము పట్టిన పాలిథిన్ షీటు గారు తన వాటా ముందే తీసేసుకుంటారు. వందలో ఆయన ముప్ఫై పట్టుకున్నారనుకోండి, మిగిలిన డెబ్బైలో తమరు సగం. మొక్కకు దక్కేది ముప్ఫై ఐదు. పాపం, అది వెలుగు కోసం ఎగబాకుతుంది. కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, కాండం సన్నబడుతుంది, ఆకు పలచబడుతుంది. చూసినవాళ్లు "భలే ఏపుగా ఉందే" అంటారు. తీరా పూత రాలాక, బలం చాల్లేదని డ్రిప్‌లో ఇంకాస్త యూరియా వదులుతారు. పాలకూరకైతే ఆ నత్రజనిని అరిగించుకునే వెలుగు లేక, నైట్రేటుగా ఆకులోనే పేరుకుంటుంది. తప్పు తమరిది, తిట్లు ఎరువుల కొట్టువాడికి.

పైగా తమరి రంగొకటి! ఆకు బాగా వాడుకునేవి ఎరుపు, నీలం వెలుగులు. తమరు వాటినే ఎక్కువగా ఆపి, ఆకుపచ్చను మాత్రం ఉదారంగా వదులుతారు. నల్ల నెట్ అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా కోస్తుంది. తెల్లది వెలుగును చెదరగొట్టి కింది ఆకులకూ అందిస్తుంది. అయినా జనం తమరినే కొంటారు, దూరం నుంచి పచ్చగా కనిపిస్తారట!

నెదర్లాండ్స్ గాజుఇళ్ల రైతులు ఒక శాతం వెలుగు తగ్గితే దిగుబడి కూడా దాదాపు ఒక శాతం పోయినట్టేనని లెక్కేస్తారు. చలికాలంలో దీపాలు పెట్టి, కరెంటు బిల్లు కట్టి మరీ వెలుగు కొంటారు. ఇక్కడ ఊరికే వచ్చేదానికి తమరు అడ్డం.

కాబట్టి మా విన్నపం. ఎండ మండే నాలుగు గంటలు డ్యూటీ చేయండి, మబ్బు రోజున పక్కకు జరగండి. తమరికి కాళ్లు లేవని తెలుసు, తాడూ పుల్లీ మేం పెట్టుకుంటాం. ఇనుప తీగతో తమరిని శాశ్వతంగా బిగించి వెళ్లిన కాంట్రాక్టరు గారికి ఈ లేఖ నకలు పంపుతున్నాం.

ఇట్లు,
సన్నగా సాగిపోయిన క్యాప్సికం మొక్కల తరఫున,
ఒక రైతు